శుశ్రూష చేయువారికి అండ

2020వ సంవత్సరమును ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సులకును మంత్రసానులకును అంకితము చేసినది. ఫ్లోరెన్స్ నైటింగేల్ జన్మించి ఆ యేటి మే 12వ తేదీకి రెండువందల యేండ్లు నిండినవి. కాని ఉత్సవములు జరుగవలసిన ఆ యేటనే, మార్చి 11వ తేదీన, ఆ సంస్థయే కోవిడ్‌ను ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటింపవలసి వచ్చినది.

వైద్యుడు వచ్చి చూచి పోవును. నర్సు రోగి చెంతనే యుండును. ప్రాణవాయువు ఎంత అందుచున్నదో మాటిమాటికి చూచుట, ఊపిరి యాడనివానిని బోరగిల పరుండబెట్టుట, పక్క సవరించుట, నాలుగు ముద్దలు తినిపించుట ఆమె పనులే. బంధువులను వార్డులోనికి రానీయని ఆ దినములలో తల్లియు బిడ్డలును చేయవలసిన సేవ కూడ ఆమె మీదనే పడినది. నిలువెల్ల కప్పిన రక్షణ దుస్తులలో గంటల తరబడి మంచినీరైనను త్రాగక పనిచేసినవా రెందరో కలరు. కడపటి ఘడియలలో నున్న రోగికి కుమారుని గొంతు వినిపించుటకు చెవికడ ఫోను పట్టుకొని నిలిచినవారును వారే. ఆ దుఃఖమును వారు ఎచ్చట దించుకొనవలెను?

పని ముగిసినను ఇల్లు చేరుట సులభము కాలేదు. తమవలన పిల్లలకు వ్యాధి సోకునేమోయని వేరుగా నుండి, ఫోనులోనే బిడ్డ ముఖము చూచుకొన్న తల్లులు పెక్కుమంది. భర్త వంట చేసి, అత్తగారు పిల్లలను కనిపెట్టుకొన్న యింటిలో ఆమె మరునాటి పనికి ధైర్యముతో లేచినది. ఆ అండ లేనిచోట అలసటకు తోడు, బిడ్డను విడిచితినన్న బాధయు ఆమెను క్రుంగదీసినది.

సమాజ మేమి చేసినది? మార్చి 22వ తేదీన చప్పట్లు చరచినది. పిమ్మట కొన్నిచోట్ల అద్దె యిల్లు ఖాళీ చేయుమన్నది. ఆరోగ్య సిబ్బందిపై దౌర్జన్యమును బెయిలు దొరకని నేరముగా చేయుచు, 1897 నాటి అంటువ్యాధుల చట్టమును ఏప్రిల్‌లో ఆర్డినెన్సుచే సవరింపవలసి వచ్చినది. ఇది మనకు గౌరవము కాదు. ఆ చట్టము పుట్టిన యేటనే, పూనాలో ప్లేగు రోగులకు పరిచర్య చేసి, అదే వ్యాధితో సావిత్రీబాయి ఫూలే కన్నుమూసినది. ఆమె ఉపాధ్యాయిని యని మన పాఠశాలలు మరువరాదు.

నర్సును దేవత యని పొగడుట తేలిక. దేవతకు ఆకలి, నిద్ర, కన్నీరు ఉండవు గనుక, ఆ పేరు పెట్టి మన బాధ్యతను తప్పించుకొనుచున్నాము. ఆమె మనిషి. ఆమెకు వలసినది చాలినంతమంది తోటి సిబ్బంది, వేళకు విశ్రాంతి, మనసు విప్పి చెప్పుకొనగల చోటు, ఇంటిపనిలో పాలుపంచుకొను కుటుంబము.

2023 మే 5వ తేదీన ఆ సంస్థ కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. నర్సుల రాత్రి పని ముగియలేదు. ఉపాధ్యాయులారా! మీ తరగతిలో ఒక బిడ్డ నేడు పాఠము చదువక రావచ్చును. కోపించుటకు ముందు, రాత్రి ఇంట తల్లి యున్నదా యని అడుగుడు. విద్యార్థులారా! ఆ బిడ్డ మీ ప్రక్కనే కూర్చుండును. శుశ్రూష చేయువారికి మనము చేయగల శుశ్రూష అచ్చటనే ఆరంభమగును.