సంపాదకీయమునకు సన్మానము

ప్రజాసమస్యలపై వెలువడు సంపాదకీయములకు బహుమతు లొసగు ఆచారము మన దేశమున నెలకొన్నది. ఇది సంతోషింపదగినదే. కాని ఆ బహుమతి దేనికి, ఎవరి తీర్పుపై అను ప్రశ్నలను భాషాధ్యాపకులమైన మనము తగినంతగా విచారింపలేదని నా యభిప్రాయము.

సూరతులో నర్మదాశంకరుని గృహమును చూచినప్పుడు ఈ యోచన కలిగినది. ఆయన 1858లో ఉపాధ్యాయవృత్తి విడిచి, కలముపైననే జీవింప ప్రతిన పూనెను. 1864లో మిత్రులతో గూడి ‘దాండియో’ పక్షపత్రికను నెలకొల్పెను. తుదకు 1882లో పేదరికమువలన ఆ ప్రతిన విడిచి కొలువున చేరవలసివచ్చెను. 1874లో రాజమహేంద్రవరమున ‘వివేకవర్ధని’ని స్థాపించిన వీరేశలింగము పంతులుగారికిని తొలుత దక్కినది సన్మానము కాదు, విరోధమే.

పరిస్థితి పిదప మారినది, కాని ఎంతవరకు? 1863లో సూరతున పుట్టిన ‘గుజరాత్‌మిత్ర’లో చిరకాలము పనిచేసిన భగవతీకుమార్ శర్మగారికి 1988లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది ‘అసూర్యలోక్’ నవలకు. ‘ఆంధ్రప్రభ’, ‘ఆంధ్రజ్యోతి’ సంపాదకులుగా తెలుగు వచనమునకు పదును పెట్టిన నార్ల వేంకటేశ్వరరావుగారికి 1981లో లభించినది ‘సీతజోస్యము’ నాటకమునకు. ఇరువురును పత్రికారచయితలే, అకాడమీ గౌరవము మాత్రము వేరొక ద్వారమున వచ్చినది.

సంపాదకీయము ఆనాటికే పరిమితమని కొందరందురు. పన్నులు, కరవులు, ఆనకట్టలు మున్నగువానిని గూర్చి సామాన్యునకు తెలియునట్లు వాదించు వాక్యము తెలుగున రూపొందిన తావులలో ఆ స్తంభము ముఖ్యమైనది. అది సాహిత్యము కాదనుట న్యాయము కాదు.

కావున నా సూచనలు మూడు. తీర్పు అనువాదముపై గాక మూలభాషయందే జరుగవలెను. ఒక్క రచననుగాక ఏడాది కృషిని పరిశీలింపవలెను. విమర్శకు గురియగు అధికారము బహుమతిదాత కారాదు. ఎవరికిని నొప్పి కలిగింపని సంపాదకీయము బహుమతి నందిన, అది వినయమునకు బహుమానమగును గాని వివేకమునకు కాదు.

సూరతు మరమగ్గముల నడుమ తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు పెక్కు గలవు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడిపినది. ఆ బాలుర చదువు తెలుగునాటి పత్రికకు దూరపు వార్త. గుజరాతీ పత్రికకు పరభాష విషయము. ఇట్టివారి పక్షమున ఎవరైన ఒక చక్కని సంపాదకీయము వ్రాసినచో దానిని వెదకి, చదివి, భద్రపరచువా రెవరు? ఆ పని విశ్వవిద్యాలయముల భాషాశాఖలు చేయవలెను. బహుమతి ఆ పిమ్మటి మాట.