నెమరుపొట్టకు గడువు కావాలి

పెళ్ళివిందులో మిగిలిన అన్నాన్ని ఆప్యాయంగా పశువుకు పెట్టగా, మరునాటికి అది మేత ముట్టక, కడుపుబ్బి కూలబడిన ఉదంతాలు తెలుగు పల్లెలకు కొత్త కావు. పెట్టినవారు పుణ్యమనుకున్నారు, పశువుకు అదే ప్రాణాంతకమైంది. కెనడా ప్రెయిరీ మైదానాలలో పచ్చికపై పెరిగిన గొర్రెపిల్లను త్వరగా బలిపించాలని ఒక్కసారిగా బార్లీ తొట్టి ముందు నిలిపినప్పుడు ఎదురయ్యే ప్రమాదం కూడా ఇటువంటిదే.

గొర్రె ఉదరంలోని నాలుగు భాగాలలో పెద్దది నెమరుపొట్ట. శాస్త్రజ్ఞులు దానిని రూమెన్ అంటారు. బోటి శుభ్రం చేసిన చేతులకు దాని లోపలి గోడ పరిచితమే. తువ్వాలు నూలువలె సన్నని నాలుకలు దానినిండా లేచి ఉంటాయి. ఈ అంకురికలు అలంకారం కోసం ఏర్పడినవి కావు. పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని, గింజను పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను తయారుచేస్తాయి. గొర్రెకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఈ ఆమ్లాల నుండే లభిస్తుంది. వాటిని పీల్చి రక్తానికి అందించేది ఆ గోడయే.

అప్పుడే పుట్టిన పిల్లలో ఈ గోడ దాదాపు నునుపుగా ఉంటుంది. పిల్ల మేత కొరకడం మొదలుపెట్టాక పుట్టే ఆమ్లాలు, ముఖ్యంగా బ్యుటిరిక్ ఆమ్లం, అంకురికలను పెంచుతాయి. అనగా గోడను పోషించేది కూడా మేతయే. గింజ పెరిగితే అంకురికలు పొడవై, పీల్చుకునే వైశాల్యం పెరుగుతుంది. మేత తగ్గితే అవి కుంచించుకుపోతాయి.

చిక్కంతా కాలంతో వచ్చినది. పిండిపదార్థం దొరికిన సూక్ష్మజీవులు గంటలలోనే ఆమ్లాన్ని కుప్పలుగా తయారుచేయగలవు. గోడ తగినంత ఎదగడానికి మాత్రం వారాలు పడుతుంది. ఉత్పత్తి పరుగెత్తి, పీల్చుకొనే శక్తి వెనుకబడినప్పుడు పొట్టలో ఆమ్లత హెచ్చుతుంది. దీనినే అసిడోసిస్ అంటారు. ఆమ్లతకు గోడ ఒరిసిపోతే సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించి కాలేయంలో చీముగడ్డలను కలిగిస్తాయి. కాలిగిట్టలు కూడా వాచి పశువు కుంటుతుంది.

ఈ విషయంలో కెనడా శాస్త్రజ్ఞుల కృషి గమనింపదగినది. అల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ పెనర్, మసాహితో ఓబా, జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులతో కలిసి 2009లో గొర్రెలపై ఒక అధ్యయనం ప్రచురించారు. గొర్రెలకు గ్లూకోజ్ తాగించినప్పుడు కొన్నింటిలో ఆమ్లత తీవ్రంగా పెరిగింది, కొన్నింటిలో అంతగా పెరగలేదు. తట్టుకున్న గొర్రెల పొట్టగోడకు ఆమ్లాలను పీల్చే శక్తి అధికమని తేలింది. రోగం కేవలం తొట్టిలోని మేతపైనే కాక, దానిని అందుకునే గోడపైన కూడా ఆధారపడి ఉందన్నమాట. తరువాత సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో పెనర్ బృందం పశువులపై చేసిన పరిశోధనలలో, కొద్ది రోజులు మేత బాగా తగ్గించినా గోడ పీల్చే శక్తి క్షీణిస్తుందని, ఎంత తీవ్రంగా తగ్గిస్తే కోలుకోవడానికి అంత ఎక్కువ కాలం పడుతుందని వెల్లడైంది.

ఈ సత్యం వెలుగులో పశువుల రవాణాను చూడాలి. కెనడాలో 2020 ఫిబ్రవరి నుండి అమలైన నియమాల ప్రకారం, ఎదిగిన గొర్రెలను మేత, నీరు, విశ్రాంతి లేకుండా 36 గంటలకు మించి ఉంచరాదు. పూర్వం ఈ హద్దు 48 గంటలు. ఇది స్వాగతింపదగిన మార్పే. అయితే ఆకలి గంటలను లెక్కించినంత మాత్రాన సరిపోదు. ప్రయాణంలో డస్సిన గోడపై మొదటిరోజే గింజల భారం మోపితే, నియమం కాపాడిన పశువును తొట్టి దెబ్బతీస్తుంది. దిగిన పశువుకు ముందు ఎండుగడ్డి పెట్టి, పిదప కొద్దికొద్దిగా గింజ చేర్చడమే న్యాయం.

ఒక్కొక్క రోజుకు ఖర్చు ఉంటుందని, వంటసోడా మొదలగు సర్దుబాట్లు ఉన్నాయని పెంపకందారులు అనవచ్చు. ఖర్చు నిజమే. సోడా ఆమ్లాన్ని కొంత చల్లార్చగలదు. కాని గోడను ఒక్కరోజులో పెంచలేదు. రోగమొచ్చిన గొర్రె మేత మానేస్తే పోయే రోజులను, చీముపట్టిన కాలేయం పారవేసే నష్టాన్ని లెక్కలో చేర్చితే, నెమ్మది మార్పే లాభసాటి అని గ్రహించడం కష్టం కాదు.

ప్రవాసాంధ్ర కుటుంబాలకు కూడా ఇందులో పాత్ర ఉంది. వేసవిలో పిల్లలతో గొర్రెల క్షేత్రానికి వెళ్ళినప్పుడు సంచిలోని రొట్టెముక్కలను, గింజలను యజమానిని అడగకుండా పెట్టరాదు. మాంసం కొనేవారు క్షేత్రంలోనే కొంటున్నట్లయితే, పిల్లలను గడ్డి నుండి గింజకు ఎన్నాళ్ళలో మార్చారో అడగవచ్చు. కొనుగోలుదారు అడిగిన ప్రశ్నకు పెంపకందారు విలువనిస్తాడు.

“ఆలస్యం అమృతం విషం” అని పెద్దలు శుభకార్యాలను తొందరపెడతారు. గొర్రె నెమరుపొట్ట విషయంలో మాత్రం సామెతను తిరగవేసి చదువుకోవాలి. అక్కడ ఆలస్యమే అమృతం, తొందరే విషం.