ఇంటా బయటా: గేటు దాటే నేస్తం

మన భిలాయి టౌన్‌షిప్పు వచ్చేవారితో, వెళ్లేవారితో నిండిన ఊరు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డా. రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటి నుండి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి, పదవీ విరమణ అనంతరం తరలివెళ్లాయి. ఏదో ఒక సెక్టారులో క్వార్టరు ముందు లారీ ఆగి ఉండడం, మంచాలు, బీరువాలు, తులసి కుండీ సహా ఎక్కించడం మనకు నిత్యం కనిపించే దృశ్యమే. ఆ లారీలో ఎక్కనిది ఒకటుంది. దానిని గూర్చి ఈ మాసం పాఠకులతో ముచ్చటించదలచాము.

మూడేళ్ల క్రితం వర్షాకాలంలో, మా వీధి చివర ఖాళీ అయిన ఒక క్వార్టరు వరండాలో ఒక చిన్న కుక్క కూర్చొని ఉండడం మా కంటబడినది. తెల్లని ఒళ్లు, ఎడమ చెవి మీద గోధుమరంగు మచ్చ, పొట్టి కాళ్లు. తలుపుకు తాళం. అది వీధి వైపు చూడడం లేదు, తాళం వైపు చూస్తున్నది. రెండు రోజులు చూశాము. మూడవనాడు మా శ్రీమతి గిన్నెలో పెరుగన్నం పట్టుకొని వెళ్లినది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెంట ఆ కుక్క కూడ వచ్చినది. దానికి జిమ్మీ అని పేరు పెట్టాము.

పశువైద్యులు చూసి, ఇది టెర్రియర్ జాతి సంకరమని చెప్పారు. ఆ పేరు లాటిన్‌లో నేల అనే అర్థం గల 'టెర్రా' నుండి వచ్చినది. నేలను తవ్వి కలుగులోని నక్కలను, ఎలుకలను వెలికితీయడానికి పెంచిన జాతులివి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో జాన్ రస్సెల్ అనే మతాచార్యుడు నక్కల వేటకై పెంచిన టెర్రియర్లకు నేటికీ ఆయన పేరే ఉన్నది. యజమాని ఆజ్ఞ కొరకు వేచి ఉండక, తానే నిర్ణయించుకొని కలుగులో దూరే కుక్కనే నాటివారు మెచ్చుకొన్నారు. అట్టి స్వభావం తరతరాలుగా రక్తంలో ఇంకిన జీవిని రెండు గదుల క్వార్టరులో ఉంచి, బుద్ధిగా కూర్చోమనడం మన అమాయకత్వమే.

జిమ్మీ ప్రేమకు హద్దు లేదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేసరికి గేటు వద్ద నిలబడి ఉండేది. బూట్లు విప్పేలోగా ఒడిలో తల పెట్టేది. పాలవానిని, పోస్ట్‌మాన్‌ను, చీటీల డబ్బు వసూలుకు వచ్చేవారిని కూడ చుట్టాలవలె ఆహ్వానించేది. అయితే దాని దోషం ఒక్కటే: పారిపోవడం. గేటు జానెడు తెరచుకొంటే చాలు. గేటు మూస్తే గోరింట కంచె క్రింద తవ్వేది. కంచె క్రింద రాళ్లు పేరిస్తే నీళ్ల తొట్టి మీదికెక్కి గోడ దూకేది. దీపావళి టపాకాయల మోతకు ఒకసారి తెల్లవారే వరకు కనిపించలేదు. మా సెక్టారు నుండి జి.ఇ. రోడ్డు ఎంతో దూరం కాదు. ఆ రోడ్డు మీద రేయింబవళ్లు లారీలు ఆగవు, దాని ప్రక్కనే హౌరా-ముంబయి రైలుమార్గం. జిమ్మీ కనిపించని ప్రతి గంటా మా మనస్సు ఆ రెండింటి మీదనే ఉండేది.

కుక్క పారిపోవడానికి పొగరు కారణం కాదని క్రమంగా తెలుసుకొన్నాము. శస్త్రచికిత్స జరగని మగకుక్క ఆడకుక్క వాసన పసిగట్టి వెళుతుంది. పని లేని కుక్క విసుగుతో వెళుతుంది. శబ్దానికి బెదరినది భయంతో వెళుతుంది. ఒకసారి వదలివేయబడిన కుక్క, ఇంటిలో ఎవరూ లేనప్పుడు మనుషులను వెతుక్కొంటూ వెళుతుంది. జిమ్మీకి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించాము. ఉదయం, సాయంత్రం గొలుసుతో చెరొక ముప్పావు గంట నడిపించాము. తవ్వుకోవడానికి పెరటిలో ఒక మూల ఇసుక పోశాము. పారిపోవడం తగ్గినది గాని పూర్తిగా పోలేదు. కుక్క తోక వంకర అన్న సామెత ఊరికే పుట్టలేదు గదా!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. వచ్చే నెలాఖరున మా పదవీ విరమణ. మా మకాం విశాఖపట్నంలో, కుమారుని వద్ద, మూడవ అంతస్తు ఫ్లాటుకు మారుతున్నది. మనుమరాలికి ఉబ్బసం, కుక్క వెంట్రుకలు సరిపడవని డాక్టర్లు స్పష్టంగా చెప్పారు. నాడు ఆ తాళం వేసిన తలుపు ముందు నిలబడి, "ఎవరో గాని ఎంత కఠినాత్ములు!" అని నిందించిన మేమే, మూడేళ్లు గడిచేసరికి వారి స్థానంలో నిలబడ్డాము.

స్వర్గద్వారం వద్ద కుక్కను విడిచి రమ్మంటే, అట్టి స్వర్గమే వద్దన్నాడు ధర్మరాజు. మేము ధర్మరాజులము కాము. కాని విడిచిపెట్టడానికి, ఒక చేతి నుండి మరొక చేతికి అప్పగించడానికి నడుమ ఎంతో తేడా ఉన్నదని నమ్మి, అయిదు నెలల క్రితమే ప్రయత్నం ప్రారంభించాము.

ఇక్కడ మా తప్పిదం ఒకటి ఒప్పుకోవాలి. మరొక సెక్టారులోని ఒక తెలుగు కుటుంబం జిమ్మీని చూసి ముచ్చటపడినది. పిల్లలు దానిని వదలలేదు. ఆ సంతోషంలో, అది పారిపోతుందన్న మాట మా నాలుక చివరి వరకు వచ్చి ఆగిపోయినది. చెబితే వద్దంటారేమోనన్న భయం. "చాలా మంచి కుక్కండీ" అని మాత్రమే అన్నాము. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

నాలుగవనాటి రాత్రి పది గంటల వేళ, షిఫ్టు దిగి వస్తున్న సహోద్యోగి ఒకరు ఫోన్ చేశారు. జి.ఇ. రోడ్డు డివైడరు మీద జిమ్మీ నిలబడి ఉన్నదట. రెండు వైపులా లారీలు. ఆయన స్కూటరు ఆపి, ప్రాణాలకు తెగించి దానిని ఎత్తుకొని వచ్చారు. దాని ముందు కాలి గోళ్లు రెండు ఊడి రక్తం కారుతున్నది. మరునాడు ఆ ఇంటి ఇల్లాలు వచ్చి, కంట నీరు పెట్టుకొని, "అన్నయ్యగారూ, ముందే ఒక్క మాట చెప్పి ఉంటే తలుపు దగ్గర జాగ్రత్తపడేవాళ్లం కదండీ! రాత్రంతా పిల్లలు తమదే తప్పని ఏడ్చారు" అన్నది. మేము సమాధానం చెప్పలేకపోయాము. తప్పు పిల్లలది కాదు, కుక్కది కాదు. దాచినవారిది.

ఆ తరువాత ఒక కాగితం తీసుకొని జిమ్మీ గుణదోషాలన్నీ వ్రాశాము. దోషాలే ముందు వ్రాశాము. కంచె క్రింద తవ్వుతుంది. నాలుగడుగుల గోడ దూకుతుంది. ఒంటరిగా రెండు గంటలకు మించి ఉండలేదు. టపాకాయలంటే భయం. పిమ్మట దాని వయస్సు, శస్త్రచికిత్స, రేబీస్ టీకా వేయించిన తేదీ, మళ్లీ వేయించవలసిన తేదీ, తినే ఆహారం. చిట్టచివర, పాటలు వింటూ నిద్రపోతుందని. ఆ కాగితం చదివి ముగ్గురు వద్దన్నారు. మునుపైతే బాధపడేవారము. ఈసారి ఆ మూడు నిరాకరణలు జిమ్మీకి మూడు మేళ్లని భావించాము.

నాలుగవవారు దుర్గ్ వైపు ఒక గ్రామంలో స్థిరపడిన విశ్రాంత దంపతులు. ఆరడుగుల ప్రహరీ, పగలంతా ఇంటిలో మనుషులు, పెరటిలో ఎలుకల బెడద! కాగితం చదివి ఆయన నవ్వి, "మాకు కావలసినది ఇలాంటిదే" అన్నారు. అయినా తొందరపడలేదు. నాలుగు ఆదివారాలు జిమ్మీని అక్కడికి తీసుకొని వెళ్లాము. గోడ వెంబడి ఇనుప వల ఒక అడుగు లోతున పాతించాము. గేటుకు లోపల మరొక చిన్న గేటు పెట్టించారు, ఒకటి మూసిన తరువాతనే రెండవది తెరవాలని నియమం. మెడపట్టీకి వారి ఫోన్ నంబరు, మా ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ల తగిలించాము. మా ఇంటి వాసన గల పాత దుప్పటి దానితోపాటే పంపాము. క్రొత్త ఇంటిలో తొలి వారాలే పారిపోయే ప్రమాదం అధికం గావున, నెల రోజులు పెరటిలో సైతం పొడవాటి తాడుతోనే తిప్పమని కోరాము. ఏ కారణం చేతనైనా ఉంచుకోలేకపోతే మాకే తెలియజేయాలని, వీధిలో విడవరాదని మాట తీసుకొన్నాము.

ఇదంతా ఒక కుక్క కొరకా అని కొందరనవచ్చు. 1860లో లండనులో మేరీ టీల్బీ అనే మహిళ వీధి కుక్కలకు ఆశ్రయం ప్రారంభించినప్పుడు కూడ పలువురు పరిహసించారు. నేటికీ నడుస్తున్న బాటర్‌సీ ఆశ్రమం అదే. మన తెలుగునాట 1992లో హైదరాబాదులో అక్కినేని అమల బ్లూ క్రాస్‌ను స్థాపించారు. విశాఖపట్నంలోను జంతు సంరక్షణకై ఒక స్వచ్ఛంద సంస్థ 1996 నుండి పని చేస్తున్నది. కాని ఎంతటి ఆశ్రమమైనా ఊరందరూ వదలిన కుక్కలను మోయలేదు. ఆకలిదప్పులతో అలమటించే పరిస్థితిలో జంతువును అకారణంగా వదలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరం. తొలి నేరానికి ఆ చట్టం విధించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు. ఆ సొమ్ముకు నేడు మంచి మెడపట్టీ కూడ రాదు. కనుక చట్టానికి జడిసి కాక, మన మనస్సాక్షికి జడిసి నడుచుకోవలసిన విషయమిది. తెల్ల పులులకు మన మైత్రీ బాగ్‌లో సంరక్షకులున్నారు, క్వార్టరు వరండాలో మిగిలిన కుక్కకు మనమే దిక్కు.

పదవీ విరమణకు సిద్ధపడుతున్న సహోద్యోగులకు మా మనవి ఒక్కటే. భవిష్యనిధి కాగితాలు ఎంత ముందుగా సరిచూసుకొంటారో, ఇంటిలోని మూగజీవి సంగతి కూడ అంత ముందుగా ఆలోచించండి. ఆరు నెలల వ్యవధి ఉంచుకోండి. ఇచ్చేటప్పుడు దాని దోషాన్ని ముందు చెప్పండి. దోషం తెలిసి చేరదీసినవారే దానిని నిలుపుకొంటారు.

జిమ్మీ క్రొత్త ఇంటికి వెళ్లి ఏడు వారాలైనది. గత ఆదివారం ఆ పెద్దాయన ఫోన్ చేశారు. కూరగాయల బండి వచ్చినప్పుడు రెండు గేట్లూ ఒకేసారి తెరిచి ఉండగా పారిపోయినదట. ఆయన మాట పూర్తయ్యే వరకు మా గుండె మా వశంలో లేదు. అరగంట తరువాత తానే వచ్చి గేటు బయట కూర్చొని లోపలికి రానివ్వమని మొరిగినదట. ఫోన్ పెట్టివేసిన పిమ్మట మా శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం గేటు వద్దకు వెళ్లి, అలవాటు చొప్పున గడియ మరొకసారి సరిచూసి వచ్చినది.