టెన్షన్ అంటే గ్యాస్ నొప్పి కాదు

ఈసారి పంట గురించి కాదు, మన గురించే రాస్తున్న. కొంచెం పొడుగైతది, పొద్దుగూకినంక తీరికగా చదువుండ్రి.

మన ఊళ్లల్ల ఎవరినైనా "ఏందే, అట్ల ఉన్నవు?" అని అడిగితే రెండే జవాబులు. ఒకటి "ఏం లేదు", రెండోది "జర టెన్షన్ ఉందన్నా". అంతటితో మాట ఆగిపోతది. ఆ టెన్షన్ ఏంది, ఎందుకొచ్చింది అని చెప్పేటోడు లేడు, అడిగేటోడు లేడు. నిద్ర పట్టకపోతే, ఛాతీల మంట లేస్తే, మెడ గుంజితే "గ్యాస్ పట్టింది" అని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతం. ఆయన ఒక సూది వేసి, గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పంపుతడు. రెండు రోజులు మంచిగుంటది, మళ్ల మొదటికి వస్తది. మన రోగాలన్నీ టెన్షన్‌తోనే వస్తయని అంటలేను. ఛాతీల నొప్పి లేస్తే ఆలోచించకుండా పెద్ద దవాఖానకు పోవాలె, అది వేరే సంగతి. కానీ మనం తాగుతున్న గ్యాస్ మందుల్ల చానా వరకు అప్పు లెక్కకు తాగుతున్నయే అని నా అభిప్రాయం.

ఒంట్ల ఏమైతదో సాదాగా చెప్త. గట్టు మీద నడుస్తుంటే కాళ్ల ముందర పాము కనపడిందనుకోండి. గుండె దడదడ కొట్టుకుంటది, చెమటలు పడ్తయి, కాళ్లల్లకు ఎక్కడలేని బలం వస్తది. ఉరకడానికో, కట్టె అందుకోవడానికో ఒళ్లు తయారైతది. అడ్రినలిన్, కార్టిసాల్ అని ఒంట్ల ఊరే రసాలు చేసే పని అది. పాము పొదలకు పోయినంక పావుగంటకో అర్ధగంటకో అంతా సర్దుకుంటది. దేవుడు మనకు ఇచ్చిన మంచి ఏర్పాటే ఇది. కానీ అప్పు అట్ల పొదలకు పోయేది కాదు. మిరుగు నుంచి సంక్రాంతి దాకా ఇంట్లనే చుట్ట చుట్టుకొని కూసుంటది. ఏడు నెలలు ఒళ్లు అదే దడలో ఉంటే బీపీ పెరుగుతది, షుగర్ పెరుగుతది, రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చి మళ్ల కన్ను మూతపడదు. పిల్లల మీద ఉట్టిగనే కోపం వస్తది. చేనుకు పోబుద్ధి కాదు. ఇవన్నీ మొండితనమూ కావు, సోమరితనమూ కావు. ఒళ్లు అలిసిపోయిందని చెప్పే గుర్తులు.

టీవీల పెద్దపెద్ద డాక్టర్లు వచ్చి పొద్దున నడవాలె, సంగీతం వినాలె, వారం రోజులు ఎటన్నా తిరిగి రావాలె అంటరు. మంచి మాటలే. కానీ మనం నడిచే నడకకు వాళ్ల చెప్పులు ఆగయి! ఇక బర్రెను ఎవరికి అప్పజెప్పి తిరుగపోవాలె? యోగా తప్పని అంటలేను, చేసేటోళ్లు చేయండి. మన టెన్షన్‌కు మూలం వేరే ఉందని అంటున్న.

మన బాధలు రెండు రకాలు. వాన, పురుగు, రేటు ఒక రకం. విత్తినంక పదిహేను రోజులు వాన మొఖం చాటేస్తే గింజ మట్టిలనే మాడిపోతది, రెండోసారి పెట్టాలె. కాయ పగిలే టైముకు గులాబీ పురుగు వస్తది. ఏరినంక సీసీఐ సెంటర్ల తేమ 12 శాతం దాటిందంటే కొనరు, 8 దాటితే రేటు కోస్తరు. ఆ తేమ దగ్గర కూడా మన చేతిల కొంత ఉంది. మంచు ఆరినంక ఏరాలె, రెండు రోజులు ఎండల ఆరబోయాలె. మిగతాది మన చేతిల లేదు. దాని గురించి రాత్రంతా ఫోన్ల వీడియోలు చూసుకుంట పండుకుంటే రేటు పెరగదు, కండ్లు మాత్రం పోతయి. అందుట్ల సగం వీడియోలు "పత్తి రైతులకు షాక్" అని పైన పెట్టి లోపల పోయినేడు ముచ్చట చెప్తయి. రాత్రి ఎనిమిది దాటినంక రేట్ల వీడియోలు బంద్ పెట్టండి. పొద్దుగాల మార్కెట్ మొదలైనంక చూసినా అదే రేటు.

రెండో రకం అప్పు. దీన్ని మనం దాచిపెడ్తం. అసలు విషం ఇక్కడనే ఉన్నది. చానా ఇండ్లల్ల మొత్తం అప్పు ఎంతనో భార్యకు తెల్వదు. కొన్ని ఇండ్లల్ల మగాయనకే తెల్వదు, లెక్కేస్తే భయమైతదని ఎన్నడూ కూడడు. చీకట్ల తాడు కూడా పామే కదా.

ఒక నోటుబుక్కు తీసి ఇంటామెను పక్కన కూసోబెట్టుకొని రాయండి. ఎవరికి, ఎంత, మిత్తి ఎంత. మూడు రూపాయల మిత్తి అంటే వినడానికి చిన్నగనే ఉంటది. లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. అదే బ్యాంకుల పంట రుణం 3 లక్షల లోపు అయితే 7 శాతం, టైముకు కడితే 4 శాతమే పడ్తది. అంటే లక్షకు ఏడాదికి 4,000. ఒకే లక్షకు ఒక దిక్కు నాలుగు వేలు, ఇంకో దిక్కు ముప్పై ఆరు వేలు! అందుకని బ్యాంకు గడువు తప్పకుండా చూసుకొని, మిగిలిన ప్రతి రూపాయి ముందుగాల సేటు దగ్గరికే పోవాలె. పెండ్లికి, పండుగకు తర్వాత. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండనే పంట రుణం ఇయ్యాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, మేనేజర్‌ను అడగండి. కౌలు చేసేటోళ్లకు పాస్‌బుక్కు లేక ఈ దారి దొరకదు. వాళ్లు సేటు మీదనే బతుకుతున్నరు. టెన్షన్ తగ్గించుకోండని వాళ్లకు చెప్పే ముందు ఆ సంగతి సర్కారు చూడాలె. దాన్ని నేను ఊపిరి పీల్చే కసరత్తుతో పోయేదని అనలేను.

మా దిక్కు ఒక తమ్ముడు ఇట్లనే లెక్క బయటపెట్టిండు. ఆయన భార్య రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు మహిళా సంఘంల అడిగి తక్కువ మిత్తికి లోన్ పట్టుకొచ్చి సేటుకు సగం కట్టించింది. అప్పు పోలేదు, జాగా మారింది, మిత్తి తగ్గింది. ఇప్పుడు సేటు ఫోన్ చేస్తే ఆమెనే ఎత్తి మాట్లాడుతదట. సేటు గొంతు కూడా తగ్గిందని నవ్వుతడు.

ఆడోళ్ల టెన్షన్ మనం లెక్కల్నే పట్టం. పత్తి ఏరేది వాళ్లు, వండేది వాళ్లు, మనం తాగొస్తే భరించేది వాళ్లు. తాగితే నిద్రొస్తదని ఒక క్వార్టర్ వేసేటోళ్లకు ఒక మాట. నిద్ర వచ్చినట్టే వస్తది, నడిరాత్రి తెలివైతది, తెల్లారి దిగులు ఇంకా ఎక్కువైతది. పైగా బెల్టు షాపు ఖాతా కూడా అదే నోటుబుక్కుల రాయాల్సి వస్తది.

ఇగ బరువైన మాట. తోటి రైతు ఎవరైనా నలుగురిల కలుస్తలేడు, "నేను లేకుంటేనే మీకు బాగుంటది" లాంటి మాటలు అంటున్నడంటే నవ్వులాటకు తీయకండి. "మగాడివై గింత దానికే భయపడ్తవా" అని అసలే అనకండి. పక్కన కూసొని "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని సీదా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుడ్తదని భయం వద్దు, మనసుల బరువు దిగుతది. ఆయనను ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఇంట్ల పెట్టుకోకుండా తాళం పెట్టె వేరే జాగాల పెట్టి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. ఆ ఘడియ దాటితే మనిషి నిలబడ్తడు. శ్రీలంకల 1995 నుంచి అతి విషపు మందులను ఒకటొకటిగా బంద్ పెట్టిండ్రు. ఆత్మహత్యలు బాగా తగ్గినయి, పంట దిగుబడి మాత్రం తగ్గలేదు. మన దగ్గర ఆ పని ఎందుకు కాదో కంపెనీలకు, సర్కారుకే తెలవాలె.

14416 అని ఒక నంబర్ ఉంది, టెలీ మానస్. 2022ల కేంద్రం పెట్టింది. రాత్రీ పగలు ఎప్పుడు చేసినా ఎత్తుతరు, పైసలు పడవు, తెలుగులనే మాట్లాడొచ్చు. బాధపడేటోళ్లే కాదు, ఇంటోళ్లు కూడా చేయొచ్చు. పోలీసు కేసు అయితదని భయపడి కొందరు దవాఖానకే తీసుకపోరు. 2017 చట్టం ప్రకారం అట్ల ప్రయత్నం చేసినోళ్లు తీవ్రమైన ఒత్తిడిల ఉన్నరనే చూడాలె, శిక్ష వేసుడు కాదు, వైద్యం చేయించే బాధ్యత సర్కారుది.

ముప్పై దాటినోళ్లకు సబ్ సెంటర్ల బీపీ, షుగర్ ఉత్తగనే చూస్తరు. ఆశా అక్కను అడగండి, భార్యాభర్తలు ఇద్దరూ పోండి. పత్తి ఏరుడు మొదలైతే ఎవ్వరికీ తీరిక దొరకదు, ఆ నోటుబుక్కు పని కూడా ఈ వారమే పెట్టుకోండి.