సండూరు పిల్లలకూ ఓ పిచ్!

1996 అక్టోబర్ 21, బెంగళూరు. భారత్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఆడిన టైటాన్ కప్‌లో ఆసీస్‌పై లక్ష్యం 216. సచిన్ 88 కొట్టి ఔటయ్యాడు. 164కే 8 వికెట్లు. ఇక పనైపోయిందనుకున్నారంతా. శ్రీనాథ్, కుంబ్లే అజేయంగా 52 జోడించి గట్టెక్కించారు. ఆ జట్టులోనే మన హైదరాబాదీ అజహర్. సరిహద్దు జనానికి అటూ మనోళ్లే, ఇటూ మనోళ్లే! నవంబర్ 6న ముంబయి ఫైనల్లో సఫారీలను ఓడించి కప్పూ కొట్టారు.

శ్రీనాథ్‌ది మైసూరు. సండూరు నుంచి ఓ బౌలర్ ఎందుకు రాకూడదు? ఇక్కడి కొండల్లోని ఇనుప ఖనిజం ఏళ్లుగా తరలిపోతూనే ఉంది. పిల్లలకు మిగిలేది ఎర్రదుమ్మేనా? గని ప్రాంతాల కోసమే 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి తెచ్చారు కదా. అందులోంచి ఓ మంచి పిచ్, నిలకడగా ఉండే ఓ కోచ్... ఇవ్వడానికి అధికారులకు అడ్డేంటి?