ముద్ర చివర చూడండి

లైప్‌జిగ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న పాఠకుడొకరు అక్కడి పాతసామాన్ల సంతలో జర్మన్ సైనికుడి నీళ్లసీసా ఒకటి కొన్నారు. ఫొటోలు పంపి, ‘ముద్ర ఉంది, 1938 అని కూడా ఉంది. ఇది అసలుదేనా అండీ?’ అని అడిగారు. ముద్ర సంగతి చివర చూద్దాం, ముందు ఇంట్లో అయస్కాంతం ఉంటే పెట్టి చూడండి అన్నాను.

1931 నమూనా సీసా అది. 0.8 లీటరు నీళ్లు పడతాయి. మొదట్లో అల్యూమినియంతో చేసేవారు. పైన గోధుమరంగు ఉన్ని ఫెల్ట్ తొడుగు, పక్కన టిచ్‌బటన్లు, తోలుపట్టీ, మూతి మీద బోర్లించిన నల్లరంగు కప్పు. రెండో ప్రపంచయుద్ధం ముదిరేకొద్దీ అల్యూమినియం విమానాలకే చాలకుండా పోయింది. సీసాలు ఎనామిల్ పూసిన ఉక్కుకి మారాయి. కప్పులు, మూతలు బేకలైట్‌వి వచ్చాయి. సంచుల్లో, ఒరల్లో తోలుకి బదులు కాగితపు గుజ్జును అదిమి చేసిన అట్ట చేరింది. అందుకే 1938 ముద్ర ఉన్న సీసాకి అయస్కాంతం అతుక్కుంటే ఆ అంకెను నమ్మకూడదు. సైనిక సామాను వయసు తెలుసుకోవడానికి కొరతను మించిన క్యాలెండరు లేదని నా నమ్మకం. అంకెను ఎవరైనా కొట్టగలరు. ఆనాటి కొరతను మళ్లీ పుట్టించడం అంత తేలిక కాదు.

ఆయన సీసాకి అయస్కాంతం అతుక్కోలేదు.

తర్వాత దారం. తెగి వేలాడే పోగు ఉంటే దాని కొసను నిప్పుకి చూపించండి. నూలు దారమైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. పాలియెస్టర్ పుట్టిందే 1941లో, అదీ బ్రిటన్‌లో. అది కుట్టుదారంగా బజారుకొచ్చేసరికి యుద్ధం అయిపోయింది. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం వేసి చూసే పద్ధతి కూడా ఉంది. యుద్ధం తర్వాత బట్టల్లో, సబ్బుపొడుల్లో విరివిగా కలిపిన తెలుపు రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. అయితే మెరవగానే నకిలీ అని తీర్పు చెప్పేయడం అన్యాయం. అసలైన తొడుగును పాతికేళ్ల కిందట ఎవరో ఇంట్లో సబ్బుపొడితో ఉతికి ఉండవచ్చు. కుట్టు లోపలి మడతల దాకా వెతకాలి.

ఇదే సీసాలో వేడిదేశాల కోసం చేసిన రకం ఒకటుంది. సేకరణదారులు దాన్ని కొబ్బరి సీసా అంటారు. అందులో కొబ్బరేమీ లేదు, రెసిన్ పట్టించిన చెక్క తొడుగు అది.

ఇక ముద్ర. మొదట్లో తయారీదారు పేరో, పొడి అక్షరాలో, పక్కన సంవత్సరమో ఉండేవి. యుద్ధం వచ్చాక ఏ ఫ్యాక్టరీలో ఏం తయారవుతోందో శత్రువుకి తెలియకుండా సంకేతాక్షరాలు వాడారు. దుర్భిణి మీద ‘బిఎల్‌సి’ అని ఉంటే యెనా ఊళ్లోని కార్ల్ జైస్ అన్నమాట. యుద్ధం రెండో సగంలో ఫ్యాక్టరీలను గుర్తించే ఆర్‌బి నంబర్లు వచ్చాయి. 1939 అంకె పక్కనే ఆర్‌బి నంబరు కనిపిస్తే ఆ ముద్ర తన గుట్టు తనే బయటపెట్టుకున్నట్టు. సీసా మీద 1938, కప్పు మీద 1941 ఉంటే మాత్రం కంగారు పడక్కర్లేదు. డిపోల్లో, యుద్ధరంగంలో అవి కలిసిపోయేవి. అన్నింటి మీదా ఒకే సంవత్సరం ఉండి, కొత్తగా నిగనిగలాడే సెట్టు కనిపిస్తేనే నాకు అనుమానం ఎక్కువ.

మామూలు సిపాయి వాడిన నిఖార్సైన సీసా మీద ధర కోసం నాజీల ఎస్‌ఎస్ దళం ముద్ర కొట్టి అమ్మేవాళ్లున్నారు. పూర్తి నకిలీ కన్నా ఇది ఎక్కువ బాధిస్తుంది. ఎనభై ఏళ్లు నిజం చెప్పిన సాక్షి చేత ఒక్క సుత్తిదెబ్బతో అబద్ధం చెప్పిస్తున్నారు. ఆ దెబ్బ ఇక చెరగదు.

ఆయన పంపిన చివరి ఫొటో సీసాది కాదు. అదే దుకాణంలో కనిపించిన అండాకారపు జింకు బిళ్ల, సైనికుడి గుర్తింపు బిళ్ల. నడుమ అడ్డంగా గాట్లు, గాట్లకి అటూ ఇటూ ఒకే అంకెలు, సందుల్లో మట్టి. సైనికుడు చనిపోతే కింది సగం విరిచి సమాచారం పంపేవారు, పై సగం శవంతో ఉండేది. మట్టిలోంచి వచ్చిన బిళ్ల విరగకుండా ఉందంటే, అది మెళ్లో వేసుకున్నవాడి చావు ఎక్కడా నమోదు కాకపోయి ఉండవచ్చు. ఏ బిళ్ల ఎవరిదో రాసిన ఆనాటి జాబితాలను బెర్లిన్‌లోని ఒక కార్యాలయం దశాబ్దాల పాటు భద్రపరిచింది. 2019 నుంచి అది జర్మన్ జాతీయ ఆర్కైవ్స్‌లో భాగం. 1919లో పుట్టిన ఫోక్స్‌బుండ్ అనే సంస్థ ఇప్పటికీ తూర్పు ఐరోపా పొలాల్లో ఎముకలు వెలికితీసి పేర్లు కలుపుతోంది. దొంగతనంగా తవ్వేవాళ్లు బిళ్ల పట్టుకుపోతే అక్కడ ఎముకలు మిగులుతాయి, పేరు మిగలదు.

ఈ శనివారం ఆయన మళ్లీ సంతకి వెళ్తున్నారు. ఆ బిళ్లకి బేరం ఆడొద్దని చెప్పాను. ఎక్కడ దొరికిందో దుకాణదారుణ్ని అడిగి, రెండు సగాల మీది అంకెలూ తప్పు లేకుండా రాసుకు రమ్మన్నాను.