వేషం గీసేది ఎవరు?

ఒపేరా అంటే మనకు కొత్త ముచ్చట కాదు. పాటే మాటగా నడిచే ఆట. మన యక్షగానానికి దూరపు చుట్టం. అక్కడ ఆట కట్టకముందే ఏ పాత్రకు ఏ బట్ట, ఏ కిరీటం అన్నది రంగుల బొమ్మలుగా గీస్తరు. దర్జీ ఆ బొమ్మ చూసే గుడ్డ కోస్తడు. గీసినోని కంటికి ఎట్ల కనిపిస్తే లోకానికి ఆ మనిషి అట్లనే కనిపిస్తడు. రాజకీయమంతా అక్కడే ఉంది.

ఇటలీ సంగీతకారుడు వెర్డీ కట్టిన ‘ఐదా’నే తీసుకుందాం. కథ ఈజిప్టుది. నాటకశాల కైరోది. వెర్డీకి ముట్టిన లక్షా 50 వేల ఫ్రాంకులు ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ ఇచ్చినవి. కథ అల్లింది, వేషాల బొమ్మలు గీసింది మాత్రం ఫ్రెంచి పురావస్తు పండితుడు మారియట్. బట్టలు కుట్టింది పారిస్‌ల. 1870లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడిస్తే ఆ బట్టలు, తెరలు, వాటితో పాటు మారియట్ కూడా అక్కడే చిక్కుకున్నరు. ఈజిప్టు సొమ్ముతో కుట్టిన ఈజిప్టు వేషం ఈజిప్టుకు రాలేక బందీ అయింది! చివరికి 1871 డిసెంబర్ 24న గానీ ఆట పడలేదు.

మారియట్ పనితనాన్ని మనం తక్కువ చేయం. గుడిగోడల బొమ్మలు చూసి, నగానట్రా సహా శ్రద్ధగా గీసిండు. కానీ ఆయన గీసింది రాతిలోని ఫారోలను. నాటకశాల బయట పన్నులు కట్టే రైతుకు ఆ బొమ్మల్లో చోటు లేదు. 1875లో అప్పులు తాళలేక ఇస్మాయిల్ సూయజ్ కాలువ వాటాలు బ్రిటన్‌కు అమ్ముకున్నడు. 1882లో బ్రిటిష్ సైన్యమే దిగింది. ఒక్క ఆటతోనే దేశం పోయిందని అనం. కానీ తన బొమ్మను పరాయి చేతికిచ్చిన పాలకుడు పగ్గాలను కూడా నిలుపుకోలేకపోయిండు.

ఈ నొప్పి మనకు తెలియనిదా? వెండితెర మీద మన యాసను ఏండ్ల తరబడి రౌడీకి, జోకర్‌కు తొడిగిండ్రు. మనం నవ్వులపాలైనం. ఆ అవమానం కూడా మనల్ని రోడ్డెక్కించింది. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం.

మరి ఇప్పుడు? వేదిక మీద గొంగడి కప్పి, డప్పు పట్టించి, ఫొటో దిగితే తెలంగాణ అయిపోతదా? మగ వేషాలతో ఊర్లనేలిన చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. చిందు కళాకారుల కిరీటం, భుజకీర్తులు, ముఖానికి పూసే అర్దళం – వీటి కొలత, వరుస పెద్దల చేతుల్లో ఉన్నయి. ఆ పెద్దలు పోతే అవీ పోతయి. మారియట్ బొమ్మలను పారిస్ గ్రంథాలయం నేటికీ భద్రంగా దాచింది. మన వేషాలను దాచేదెవరు?

విశ్వవిద్యాలయాలు, లలితకళల విద్యార్థులు చిందోళ్ల వాకిళ్లకు పోవాలె. పక్కన కూసోని గీయాలె. ఏ గీత నిజమో వాళ్లే చెప్పాలె. ఆ పనికి వాళ్లకు కూలి ముట్టాలె, బొమ్మ కింద వాళ్ల పేరుండాలె.

రాష్ట్రం మనది. మన బొమ్మ గీసే కుంచె కూడా మన చేతిలోనే ఉండాలె.